మళ్లీ కూతకెళ్లొచ్చా?

పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసు. కాలు ఒకచోట నిలవని కాలం. సరిగ్గా అప్పుడే క్యాన్సర్ వస్తే? ప్రాణం దక్కితే చాలనుకుంటాం. కానీ కొందరు అంతటితో ఆగలేదు. మళ్లీ ఆటకెళ్లారు. ఈతకొలనులోకి, తారురోడ్డు మీదికి, రగ్బీ మైదానంలోకి. ఆ కథలు జపాన్‌వి, కెనడావి, ఆస్ట్రేలియావి. అయినా సీతంపేట కొండల్లో పిల్లల్ని పెంచుతున్న అమ్మానాన్నలకు వాటితో చాలా పనుంది.

సాయంత్రం నాలుగు దాటితే చాలు, సీతంపేట చుట్టుపక్కల ఏ ఆశ్రమ పాఠశాల దగ్గరికి వెళ్లినా ఒకటే గోల. పుస్తకాల సంచులు ఓ మూల. ముగ్గుతో గీసిన గీతలు. అటు ఏడుగురు, ఇటు ఏడుగురు. ‘కబడ్డీ కబడ్డీ’ అంటూ ఊపిరి బిగబట్టిన కూత. కొండ ఎక్కిదిగే కాళ్లు కదా, పట్టు దొరికితే వదలరు. సవరల పిల్లలు, జాతాపుల పిల్లలు... పోడు చేలల్లో, జీడితోటల్లో, అనాస గట్ల మీద పెరిగినవాళ్లు. వ్యాయామశాల మొహం చూడకపోయినా ఒంట్లో ఉక్కు ఉంటుంది. కలియుగ భీముడిగా పేరు మోసిన కోడి రామ్మూర్తి పుట్టిన వీరఘట్టం ఇక్కడికి దగ్గరే. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లాలోని ఊసవానిపేట. ఈ గాలిలోనే ఏదో ఉందనిపిస్తుంది.

అలాంటి పిల్లల్లో ఒకడికి మోకాలు నొప్పి మొదలైందనుకుందాం.

‘‘ఏటైందిరా బాబూ?’’ అంటుంది వాళ్లమ్మ.

‘‘కబడ్డీలో పడ్డానమ్మా’’ అంటాడు వాడు.

అబద్ధం కాదు. నిజంగానే పడ్డాడు. పసరు రాస్తారు. ఎవరో కట్టు కడతారు. వారం గడుస్తుంది, నెల గడుస్తుంది. వాపు తగ్గదు. రాత్రిళ్లు నొప్పికి నిద్ర పట్టదు. ‘ఎదిగే వయసు, ఎముకలు సాగుతున్నాయిలే’ అంటారు పక్కింటివాళ్లు. అది ఎముక క్యాన్సర్ కావచ్చన్న ఆలోచన ఎవరికీ రాదు. ఎందుకొస్తుంది? క్యాన్సరంటే పెద్దవాళ్ల జబ్బు కదా, పొగాకు చుట్టలు కాల్చేవాళ్లకు వచ్చేది కదా!

సరిగ్గా ఇలాగే మొదలైంది ఓ కుర్రాడి కథ. సీతంపేటలో కాదు... కెనడాలో.

బాస్కెట్‌బాల్ సీజన్ అయ్యేదాకా...

టెర్రీ ఫాక్స్ 1958లో పుట్టాడు. బాస్కెట్‌బాల్ అంటే పిచ్చి. పొట్టివాడు, జట్టులోకి తీసుకోవడమే కష్టమన్నారు. పట్టుబట్టి సాధన చేసి సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం జూనియర్ జట్టులో చోటు సంపాదించాడు. 1976 చివర్లో కుడి మోకాలు నొప్పి మొదలైంది. ఆటలో తగిలిన దెబ్బేననుకున్నాడు. సీజన్ అయ్యేదాకా ఓర్చుకున్నాడు. 1977 మార్చిలో ఇక భరించలేక ఆసుపత్రికి వెళితే ‘ఆస్టియోసార్కోమా’ అన్నారు. ఎదిగే వయసు పిల్లల్లో, ఎక్కువగా మోకాలి దగ్గర వచ్చే ఎముక క్యాన్సర్. అప్పటికి టెర్రీకి పద్దెనిమిదేళ్లు. మోకాలికి పైదాకా కాలు తీసేశారు.

ఆపరేషన్‌కు ముందు రోజు రాత్రి అతని పాత కోచ్ ఓ పత్రిక తెచ్చిచ్చాడు. అందులో కృత్రిమ కాలితో న్యూయార్క్ మారథాన్ పరుగెత్తిన ఒకాయన గురించి ఉంది. టెర్రీ మనసులో విత్తనం అక్కడ పడింది. పదహారు నెలలు కీమోథెరపీ. అదే వార్డులో తనకంటే చిన్నపిల్లలు నొప్పితో ఏడవడం చూశాడు. వైద్యులు అతనికి ఇంకో మాట కూడా చెప్పారు: ‘నువ్వు బతకడానికి సగానికి సగం అవకాశం ఉంది. రెండేళ్ల ముందైతే పదిహేను శాతమే.’ రెండేళ్లలో ఇంత తేడా ఎలా వచ్చింది? పరిశోధన వల్ల. పరిశోధనకు ఏం కావాలి? డబ్బు. ఆ డబ్బు తాను పోగు చేస్తానన్నాడు.

1980 ఏప్రిల్ 12న కెనడా తూర్పు కొసన, సెయింట్ జాన్స్ దగ్గర అట్లాంటిక్ నీళ్లలో కృత్రిమ కాలిని ముంచి పరుగు మొదలుపెట్టాడు. రోజుకు దాదాపు నలభై రెండు కిలోమీటర్లు, అంటే రోజుకో మారథాన్. ఎండ, వాన, చలిగాలి. ఒంటికాలి మీద గెంతుతున్నట్టుండే ఆ పరుగును చూడటానికి మొదట్లో రోడ్డు పక్కన పట్టుమని పదిమంది ఉండేవారు కాదు. తర్వాత వేలల్లో వచ్చారు. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. సెప్టెంబరు 1న థండర్ బే ఊరి దగ్గర దగ్గు, ఛాతీలో నొప్పి. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. పరుగు ఆగింది. 1981 జూన్ 28న, ఇరవై మూడో పుట్టినరోజుకు నెల ముందు టెర్రీ కన్నుమూశాడు.

ఓడిపోయాడా? దేశంలో ఒక్కొక్కరి నుంచి ఒక్క డాలరు అడిగాడు. చనిపోయేలోపే ఆ మొత్తం, అంటే రెండు కోట్ల నలభై లక్షల డాలర్లు దాటి వచ్చింది. అతని పేరిట 1981లో మొదలైన పరుగు ఏటా ఎన్నో దేశాల్లో జరుగుతోంది. ఆ డబ్బుతో జరిగిన పరిశోధనల ఫలాలు ఎందరికో అందాయి. ఇప్పుడు ఇదే జబ్బు పాకకముందే దొరికితే, మంచి వైద్యం అందినచోట పదిమందిలో ఆరేడుగురు కోలుకుంటున్నారు. చాలామందికి కాలు తీసేయాల్సిన పని కూడా లేదు. జబ్బున్న ఎముక ముక్కను తొలగించి లోహపు కీలు అమర్చుతున్నారు.

‘పాకకముందే దొరికితే’ అన్నది మాత్రం మన చేతుల్లో ఉంది.

కొలను నుంచి వార్డుకు... వార్డు నుంచి కొలనుకు

రికాకో ఇకే జపాన్ అమ్మాయి. 2000 జులైలో టోక్యోలో పుట్టింది. పదహారేళ్లకే రియో ఒలింపిక్స్‌లో ఏడు ఈవెంట్లలో ఈదింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఆరు స్వర్ణాలు. ఆ క్రీడల్లో అత్యుత్తమ క్రీడాకారులకిచ్చే పురస్కారం అందుకున్న తొలి మహిళ ఆమే. రెండేళ్లలో సొంతూళ్లో ఒలింపిక్స్. గోడల నిండా ఆమె పోస్టర్లే.

2019 జనవరిలో సాధన కోసం ఆస్ట్రేలియా వెళ్లింది. ఎప్పుడూ లేనిది... ఈదుతుంటే ఆయాసం. ఒంట్లో సత్తువ లేదు. తిరిగొచ్చి రక్తపరీక్ష చేయిస్తే లుకేమియా అని తేలింది. రక్త క్యాన్సర్. ఫిబ్రవరి 12న ఆ విషయం తనే లోకానికి చెప్పింది. పద్దెనిమిదేళ్ల పిల్ల. జపాన్ దిగ్భ్రాంతి చెందింది. ఆ వార్త వచ్చాక మూలుగ దానం ఎలా చేయాలో చెప్పండంటూ ఆ దేశపు దాతల సంస్థకు విచారణలు వెల్లువెత్తాయి. ఒక క్రీడాకారిణి జబ్బు ఎంతమంది అపరిచితుల ప్రాణాలకు పనికొచ్చిందో లెక్క కట్టలేం.

వైద్యం మొదలైన కొన్ని వారాలకు ఆమె ఓ మాట రాసింది. అనుకున్నదానికంటే పదులరెట్లు, వందలరెట్లు, వేలరెట్లు కష్టంగా ఉందని! ధైర్యవంతులు ఏడవరనుకునేవాళ్లు ఆ మాట చదవాలి. తిండి సయించేది కాదు. పదిహేను కిలోలకు పైగా బరువు తగ్గింది. కీమోతో వచ్చిన సమస్యల వల్ల మూలకణాల మార్పిడి చేయాల్సి వచ్చింది. 2019 డిసెంబరులో, పది నెలల తర్వాత ఇంటికొచ్చింది. మెట్లెక్కడానికీ ఆయాసమే. కండలన్నీ కరిగిపోయాయి.

2020 మార్చిలో మళ్లీ నీళ్లలో దిగింది. ఈదడానికి కాదు, నీటి స్పర్శ కోసం. మే నెలలో విగ్గు తీసేసి, పొట్టి జుట్టుతో ఉన్న ఫొటో బయటపెట్టింది. ‘ఇదీ ఇప్పటి నేను’ అన్నట్టు. ఆగస్టు 29న తొలి పోటీ. 50 మీటర్ల ఫ్రీస్టయిల్. 26.32 సెకన్లు. పూర్తయ్యాక వెక్కివెక్కి ఏడ్చింది. పతకం కోసం కాదు. మళ్లీ అంచు తాకినందుకు!

అప్పటికి ఆమె లక్ష్యం 2024 పారిస్. టోక్యో సంగతి మరిచిపొమ్మని మనసుకు నచ్చజెప్పుకుంది. కానీ కరోనా వల్ల టోక్యో ఒలింపిక్స్ 2021కి జరిగాయి. ఆ ఏడాది ఏప్రిల్ 4న జాతీయ పోటీల్లో 100 మీటర్ల బటర్‌ఫ్లై. ఎవరూ ఆశ పెట్టుకోలేదు, ఆమెతో సహా. 57.77 సెకన్లలో అందరికంటే ముందు గోడ తాకింది. రిలే జట్టులో చోటు ఖాయం. ఆ పోటీల్లోనే మొత్తం నాలుగు టైటిళ్లు. జులైలో సొంతూళ్లో ఒలింపిక్స్‌లో ఈదింది. మహిళల మెడ్లీ రిలేలో జపాన్ ఫైనల్‌కు చేరి ఎనిమిదో స్థానంలో నిలిచింది.

ఇక్కడే కథ ముగిస్తే సినిమాలా బాగుంటుంది. కానీ జీవితం సినిమా కాదు. 2018లో రికాకో ఇదే 100 మీటర్ల బటర్‌ఫ్లైని 56.08 సెకన్లలో ఈదింది. జబ్బు తర్వాత 2021లోగానీ, 2024లోగానీ ఆ టైమింగ్ చేతికి రాలేదు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక కాంస్యం వచ్చింది. ఆరు స్వర్ణాలు గెలిచిన క్రీడల్లో కాంస్యం! 2024 పారిస్‌లో తనే అర్హత సాధించి బటర్‌ఫ్లై బరిలో దిగింది. సెమీఫైనల్‌లో ఆగిపోయింది. కన్నీళ్లు పెట్టుకుంటూనే నాలుగేళ్ల తర్వాత మళ్లీ వస్తానంది.

మునుపటిలా కాకపోయినా మళ్లీ ఆడటం... అదీ ఆటే. బహుశా అసలైన ఆట అదే.

పట్టు పట్టే ఆటలో..?

ఈత సరే. నీళ్లలో ఎవరూ గుద్దరు. కబడ్డీ సంగతేమిటి? ఒంటి మీద పడి లాగే ఆటలు ఆడొచ్చా? దీనికి జవాబు రగ్బీలో దొరుకుతుంది.

మనకు రగ్బీ కొత్తగానీ, కబడ్డీ తెలిసినవాళ్లకు అర్థం చేసుకోవడం తేలిక. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని ఎదుటివాళ్ల కొసగీత దాకా దూసుకెళ్లాలి. వాళ్లు నడుము పట్టి, కాళ్లు పట్టి పడేస్తారు. ఇందులో రెండు రకాలు. పదిహేను మంది ఆడేది రగ్బీ యూనియన్. పదమూడు మంది ఆడేది రగ్బీ లీగ్. ఈ చీలికకు కారణం తెలిస్తే మనవాళ్లకు నచ్చుతుంది. 1895లో ఉత్తర ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో క్లబ్బులన్నీ కూడి తిరుగుబాటు చేశాయి. అక్కడ ఆడేవాళ్లు బొగ్గుగని కూలీలు, మిల్లు కార్మికులు. ఆటకొస్తే ఆ రోజు కూలి పోతుంది. ‘పోయిన కూలి ఇవ్వండి’ అన్నారు. పెద్దమనుషులు కుదరదన్నారు. విడిపోయారు. కూలి పోగొట్టుకుని ఆడే కష్టం మన్యంలో ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు.

రగ్బీ మన కొండలకు మరీ దూరమేమీ కాదు. సరిహద్దు దాటితే ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలు. అక్కడా సవరలున్నారు. భువనేశ్వర్‌లోని కళింగ సామాజిక శాస్త్రాల సంస్థ ‘కిస్’లో చదివే గిరిజన బాలలు 2007లో లండన్ వెళ్లి అండర్-14 అంతర్జాతీయ స్కూల్ రగ్బీ టోర్నీ గెలుచుకొచ్చారు. అంతకు కొన్నాళ్ల ముందుదాకా వాళ్లలో చాలామందికి ఆ బంతి ఎలా ఉంటుందో కూడా తెలియదు. ఆ విజయం మీద 2022లో ‘జంగిల్ క్రై’ అనే సినిమా వచ్చింది.

అలాంటి మొరటు ఆటలో లుకేమియా నుంచి తిరిగొచ్చినవాడు క్రిస్టియన్ లియాలీఫానో. రగ్బీ యూనియన్ ఆటగాడు. టీనేజర్ కాదు, జబ్బు పడేనాటికి ఇరవై ఎనిమిదేళ్లు. ఆస్ట్రేలియా జాతీయ జట్టుకు ఆడాడు. కాన్‌బెరాలోని బ్రంబీస్ జట్టుకు కెప్టెన్. 2016 ఆగస్టులో జబ్బు బయటపడింది. సొంత తోబుట్టువు మూలుగ సరిపోయింది. తోబుట్టువుల మధ్య మూలుగ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే. అది అదృష్టం. మార్పిడి జరిగిన కొన్ని నెలలకే, 2017లో మైదానంలో కనిపించాడు. 2019లో జపాన్‌లో జరిగిన ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియా తరఫున ఆడాడు. వందేసి కిలోల మనుషులు మీద పడుతుంటే లేచి పరుగెత్తాడు!

అంటే ఎవరైనా ఆడేయొచ్చనా? కాదు. రక్తకణాల సంఖ్య మామూలుకు వచ్చిందా, ఎముకలు గట్టిపడ్డాయా, గుండె ఎలా ఉంది... ఇవన్నీ చూసి వైద్యులు ఒక్కో మెట్టూ ఎక్కనిచ్చారు. ముందు నడక. తర్వాత పరుగు. తర్వాత బంతి. అన్నిటికంటే చివర్లో... పట్టు.

‘గెలిచాడు’ అంటే చాలా?

మార్టెన్ వాన్ డెర్ వైడెన్ నెదర్లాండ్స్ ఈతగాడు. 2001లో, ఇంచుమించు ఇరవై ఏళ్ల వయసులో లుకేమియా వచ్చింది. మూలకణాల మార్పిడితో బతికాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో పది కిలోమీటర్ల ఈతలో స్వర్ణం కొట్టాడు. 2019లో సొంత దేశంలో పదకొండు ఊళ్లను కలిపే కాలువల్లో సుమారు రెండొందల కిలోమీటర్లు ఈది, క్యాన్సర్ పరిశోధనకు లక్షల యూరోలు పోగుచేశాడు. ఇంతటి మొండివాడు ‘నా పట్టుదలతోనే క్యాన్సర్‌ను జయించా’ అంటాడనుకుంటాం. అనలేదు! పట్టుదల ఉంటే గెలుస్తారనడం తప్పన్నది అతని వాదన. తన పక్క మంచాల మీద చనిపోయినవాళ్లకు పట్టుదల లేకపోయిందా? వాళ్లు సరిగా పోరాడలేదని చెప్పినట్టు కాదూ? తాను చేసిందల్లా మంచం మీద పడుకుని వైద్యుల మీద నమ్మకం పెట్టుకోవడమేనన్నాడు.

ఈ మాట ఇంట్లో రోగి ఉన్న ప్రతి కుటుంబం గుర్తుంచుకోదగ్గది. ‘నువ్వు ధైర్యంగా ఉంటే తగ్గిపోతుంది’ అని బిడ్డతో అనేముందు ఒక్క క్షణం ఆగండి. భయపడే హక్కు వాడికుంది. ఏడ్చే హక్కూ ఉంది. తగ్గించేది మందు. మన పని ఆ మందు మధ్యలో ఆగకుండా చూడటం.

తేడా అంతా దారిలోనే!

ప్రపంచవ్యాప్తంగా ఏటా దాదాపు నాలుగు లక్షల మంది పిల్లలు, పందొమ్మిదేళ్లలోపువాళ్లు క్యాన్సర్ బారిన పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ధనిక దేశాల్లో వీళ్లలో ఎనభై శాతానికి పైగా కోలుకుంటున్నారు. చాలా పేద, మధ్యాదాయ దేశాల్లో ముప్ఫై శాతం కూడా కాదు. 2030 నాటికి అన్నిచోట్లా కనీసం అరవై శాతం మంది బతకాలన్నది ఆ సంస్థ 2018లో పెట్టుకున్న లక్ష్యం. జబ్బు అదే, మందులు చాలావరకు అవే. మరి తేడా ఎక్కడ? జబ్బు ఆలస్యంగా తెలియడంలో. తెలిసినా ఆసుపత్రికి చేరలేకపోవడంలో. చేరినా వైద్యం మధ్యలో మానేయడంలో.

మన్యంలో మొదటి చిక్కు జ్వరమే. పిల్లకు జ్వరమొస్తే మలేరియా అనుకుంటాం. ఎక్కువసార్లు అదే నిజం కూడా. పాలిపోతే రక్తహీనత అంటాం, లేదా సికిల్‌సెల్ అంటాం. అవీ ఇక్కడ ఎక్కువే. ఈ మూడింటి చాటున లుకేమియా దాక్కోగలదు. మలేరియా మందు వాడినా జ్వరం తగ్గలేదు, ఐరన్ మాత్రలు మింగినా పాలిపోవడం పోలేదు, చిగుళ్ల నుంచి రక్తం, దెబ్బ తగలకుండానే ఒంటిమీద నీలిమచ్చలు... ఇలా ఉంటే ‘సీబీపీ’ అని పిలిచే మామూలు రక్తపరీక్ష చేయించమని అడగాలి. ఖర్చు కొద్ది. అనుమానాన్ని పట్టిచ్చేది చాలాసార్లు అదే.

రెండో చిక్కు దూరం. కొండ మీది గూడెం నుంచి రోడ్డుదాకా నడక, ఒక్కోసారి డోలీ. అక్కణ్నుంచి సీతంపేట, పాలకొండ. అక్కణ్నుంచి విశాఖ. మొత్తం నూట యాభై కిలోమీటర్లకు అటూఇటూ. విశాఖ శివారు అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఒకప్పుడు ముంబయి దాకా పోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ ప్రయాణం తప్పింది. కానీ లుకేమియా వైద్యమంటే ఒక్కసారి వెళ్లొచ్చేది కాదు. రెండు, మూడేళ్లు సాగుతుంది. అమ్మ బిడ్డతో ఆసుపత్రిలో ఉంటే మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారు? నాన్న వస్తే పోడు ఎవరు చేస్తారు? కూలి ఎలా? ఇంగ్లండ్ గని కార్మికులు నూట ముప్ఫై ఏళ్ల కిందట అడిగిన ప్రశ్నే ఇది. పోయిన కూలి ఎవరిస్తారు?

వైద్యం ఖర్చు వరకు దారుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ, క్యాన్సర్ చికిత్సలకు వర్తిస్తుంది. క్యాన్సర్ రోగులకు, తోడు వెళ్లేవాళ్లకు రైలు ఛార్జీల్లో రాయితీ ఉంది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగితే కాగితాల సంగతి చెబుతారు. వీటన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది మరొకటుంది. మొదటి నెల మందులకే లుకేమియా పిల్లలు చాలామంది తేరుకుంటారు. జ్వరం పోతుంది, ఆకలేస్తుంది, మొహంలో కళ వస్తుంది. ‘తగ్గిపోయింది కదా, ఇంటికెళ్దాం’ అనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే! కనిపించకుండా మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి. తిరగబెట్టిన జబ్బు మొదటి జబ్బంత తేలిగ్గా లొంగదు. కూత సగంలో ఆపితే ఏమవుతుందో కబడ్డీ ఆడే పిల్లలకు చెప్పాలా?

ఆట ఆపొద్దు... అడిగి ఆడండి

ఇక అసలు ప్రశ్న. వైద్యం పూర్తయింది. జుట్టు మొలిచింది. వాడు మళ్లీ గీత దగ్గర నిలబడ్డాడు. అమ్మ గుండె ఆగినంత పనవుతుంది. ‘వద్దు నాయనా, నీకొద్దీ ఆటలు’ అంటుంది. మాస్టారూ భయపడతారు. తోటిపిల్లలు కొందరు ముట్టుకోవడానికి జంకుతారు. క్యాన్సర్ అంటుకోదని ఎవరూ వాళ్లకు చెప్పి ఉండరు మరి.

ప్రేమతోనే అంటారు. కానీ వైద్యశాస్త్రం మాట వేరు. చికిత్స జరుగుతున్నప్పుడూ, అయ్యాకా... ఒళ్లు కదపడం మంచిదేనంటోంది. కండ తిరిగి పడుతుంది, ఎముక బలపడుతుంది, నీరసం తగ్గుతుంది, నిద్ర పడుతుంది. అన్నిటికీ మించి వాడు రోగి కాదు, మళ్లీ జట్టులో ఒకడు.

కాకపోతే లెక్కలున్నాయి. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు మీద పడే ఆటలు కూడదు, లోపల రక్తస్రావం కావచ్చు. ఛాతీ దగ్గర చర్మం కింద మందులెక్కించే గొట్టం ఉంటే దానికి దెబ్బ తగలకూడదు. లుకేమియాలో వాడే కొన్ని మందులు పాదాల నరాల్ని బలహీనం చేస్తాయి, నడిస్తే పాదం జారినట్టుంటుంది. స్టెరాయిడ్ల వల్ల తుంటి, మోకాలి ఎముకలు దెబ్బతినొచ్చు. మరికొన్ని మందుల ప్రభావం గుండె మీద ఏళ్ల తర్వాత కూడా కనిపించొచ్చు. అందుకే అప్పుడప్పుడు ఎకో పరీక్ష చేయించాలి. లోహపు కీలు పెట్టినవాళ్లు కబడ్డీ, రగ్బీ లాంటివి మానుకోవాల్సి వస్తుంది. అయినా వాళ్లకు ఈత ఉంది, విలువిద్య ఉంది, చదరంగం ఉంది. కాలు పోయిన టెర్రీ ఫాక్స్ పరుగుకు ముందు చక్రాల కుర్చీలో కూర్చుని బాస్కెట్‌బాల్ ఆడాడు. జాతీయ టైటిళ్లు గెలిచిన జట్టులో అతనూ ఒకడు.

ఆట మారొచ్చు. ఆటగాడు మారక్కర్లేదు.

అందుకే ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లే రోజు మందుల చీటీతోపాటు మరో మాట అడిగి రావాలి. ‘ఏం తినాలి, ఎప్పుడు మళ్లీ రావాలి’ అని అందరం అడుగుతాం. ఆ గది బయట బెంచీ మీద కూర్చున్న పిల్లాడు మాత్రం ఇంకో ప్రశ్న నోటిదాకా తెచ్చుకుని మింగేస్తుంటాడు. వాడి తరఫున మనమే అడుగుదాం.

‘‘డాక్టరుగారూ, మావాడు మళ్లీ కూతకెళ్లొచ్చా?’’

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

* రెండు వారాలు దాటినా తగ్గని, కారణం తెలియని జ్వరం. పాలిపోవడం, చిన్న పనికే ఆయాసం.

* దెబ్బ తగలకుండా నీలిమచ్చలు. చిగుళ్లు, ముక్కు నుంచి తరచూ రక్తం.

* మెడ, చంక, గజ్జల్లో నొప్పి లేకుండా పెరుగుతున్న గడ్డలు.

* మోకాలి దగ్గరగానీ, భుజం దగ్గరగానీ ఎముక నొప్పి, వాపు. ముఖ్యంగా రాత్రిపూట నిద్ర లేపే నొప్పి. ఇలాంటి వాపును మర్దన చేయించకండి, కట్టు కట్టించకండి. ముందు ఎక్స్‌రే తీయించండి.

* పొద్దున్నే తలనొప్పి, వాంతులు. చూపు మసకబారడం, నడక తడబడటం.

* కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు.

వీటిలో ఏది కనిపించినా క్యాన్సరేనని బెంబేలెత్తక్కర్లేదు. చాలాసార్లు కాదు కూడా. కాదని తేల్చుకోవడానికే వెళ్లాలి. ఊళ్లో ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎమ్‌కో చెప్పినా దారి చూపిస్తారు.